వానకాలువలకు పేర్లు అమ్మిన మనిషి

ఆ ఊళ్లో ఆయన్ని అందరూ గొళ్లెం బాబాయి అనేవాళ్లు. మున్సిపాలిటీలో బిల్ కలెక్టరు. ఇంటిపన్ను, నీటిపన్ను, దుకాణాల అద్దె, ఏది బాకీపడ్డా గుమ్మంలోకొచ్చి నిలబడేది ఆయనే. ఆయన సైకిలు వీధి మలుపు తిరిగిందంటే చాలు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా టపటపా గొళ్లేలు పడేవి. ఆ చప్పుడే ఆయనకు పేరైపోయింది. పెళ్లైన కొత్తలో భార్య ఆ పేరు విని చిన్నబుచ్చుకుంటే, "పోనీలే, తాళం అనలేదుగా! గొళ్లెమైతే లోపల్నుంచి ఎప్పటికైనా తీస్తారన్న ఆశ ఉంటుంది" అన్నాడట.

వసూళ్ల పని చేసేవాళ్లు మొహం గంటు పెట్టుకుని తిరగాలంటారు. ఈయనకు అది చేతకాలేదు. పొడుగు కాళ్లు, నవ్వు మొహం, పైగా నోటి తొందర. ఎదుటి మనిషి మాట్లాడటం ఆపాడంటే ఆ ఖాళీని భరించలేడు, ఏదో ఒకటి అనేస్తాడు. భార్య దర్జీ. వీధి గదిలో మిషను పెట్టుకుని ఊళ్లో సగం మంది బట్టలు కుట్టేది. "ఎన్ని బట్టలకు గుండీలు కుట్టి ఏం లాభం? మీ నోటికి ఒక్కటి కుట్టలేకపోయాను" అని నిట్టూర్చేది. ఆమె తల్లి, అంటే ఈయన అత్తగారు, వాళ్లతోనే ఉండేది. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కూతురు కుట్టిన బట్టలకు హుక్కులు వేస్తూ, వీధిలో వెళ్లే ప్రతి మనిషి మీదా ఒక మాట వేసేది.

ఊరి జనం పన్ను ఎగ్గొట్టడంలో ఆరితేరినవాళ్లు. మంగలి ఆయన్ని చూడగానే తన మొహానికి తనే నురగ పూసుకునేవాడు, నోరు తెరిస్తే సబ్బు లోపలికి పోతుందని సైగ చేసేవాడు. పంటి డాక్టరు ఇంకా ఘనుడు. "రండి బాబాయ్, రండి" అని కుర్చీలో పడుకోబెట్టి, నోటినిండా దూది కుక్కి, "మీరూ నేనూ ఒకటే, ఇద్దరం జనం దగ్గర పన్ను పీకేవాళ్లమే" అని నవ్వి, బాకీ ఊసెత్తే వీల్లేకుండా పళ్లన్నీ శుభ్రం చేసి పంపాడు. ఫీజు మాత్రం పైసా వదల్లేదు.

ఇలా నవ్వుకుంటూ, తిట్లు తింటూ బాబాయి ఉద్యోగం సాగిపోతున్న రోజుల్లో వానలు మారిపోయాయి.

ఇదివరకు ఆ ఊళ్లో వాన ముసురుపట్టి రోజుల తరబడి నింపాదిగా కురిసేది. కాలువలన్నీ ఆ వానను చూసి తవ్వినవి. ఇప్పుడలా కాదు. నెలంతా మొహం చాటేసి, ఒక మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి ఆకాశం మొత్తం నెత్తిన కుమ్మరించేస్తోంది. కాలువలు మింగలేక కక్కుతున్నాయి. కిందటేడు అలాగే కురిస్తే పల్లపు వీధిలో మంచాలు తేలాయి, బేకరీలో పొయ్యిలు ఆరిపోయాయి, కలప డిపో గోడ కూలి, కోసి పెట్టిన పలకలన్నీ పెద్దబజారు మీదుగా పడవల్లా బారులు తీరి వెళ్లిపోయాయి. అందులో మంచి మంచి పలకలు బేకరీ మెట్ల దగ్గర ఆగాయి. బేకరీ ఆయన వాటితో కొట్లో అరలు కొట్టించుకున్నాడు.

చిక్కేమిటంటే ఆ బేకరీ ఆయనా, డిపో ఆయనా తోడల్లుళ్లు. "నా పలకలు" అని డిపో ఆయన, "వాన తెచ్చి నా గుమ్మంలో పెట్టింది, నేనడిగానా?" అని బేకరీ ఆయన. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ల భార్యలు సొంత అక్కాచెల్లెళ్లు. పాపం, వాళ్లు కలుసుకోవాలంటే బాబాయి భార్య దగ్గరికి రవిక కొలతలంటూ రావాల్సి వచ్చేది. ఒకే జాకెట్టుకు నెలలో నాలుగైదుసార్లు కొలతలిచ్చేవాళ్లు.

కొత్తగా వచ్చిన కమిషనరు మేడం వయసులో చిన్నది. మాట సూటి. వచ్చీ రాగానే రబ్బరు బూట్లు తొడుక్కుని ఊరి కాలువలన్నీ దిగి చూసింది. ఇంజినీరు చేత పథకం గీయించింది: పెద్దకాలువను వెడల్పు చేయాలి, కూడళ్ల దగ్గర తూములు కొత్తవి వేయాలి, ఊరి చివరి ఖాళీ స్థలాన్ని లోతు చేసి పొంగిన నీళ్లు అక్కడ ఆగేట్టు చూడాలి, పల్లపు వీధి దగ్గర పంపులు పెట్టాలి. అంతా బాగుంది. డబ్బేదీ?

ఆ సంగతి తేల్చడానికి పెట్టిన సమావేశంలో బాబాయి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. పన్ను పెంచుదామా అని మేడం అడిగేసరికి కౌన్సిలర్లందరికీ ఒకేసారి దగ్గొచ్చింది. బ్యాంకులో అప్పు అడిగితే, మేనేజరు మున్సిపాలిటీ ఆదాయం ఎంతో కనుక్కుని, ఎంతో మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపించాడట. మిగిలింది ఒకటే దారి. మారిన వానలను తట్టుకునే పనులకు ప్రభుత్వం ఒక నిధి పెట్టింది. ఖర్చులో మూడో వంతు ఊరు తన చేతి సొమ్ము చూపిస్తే, మిగతా రెండు వంతులు వాళ్లిస్తారు. చూపించకపోతే ఆ డబ్బు ఇంకో ఊరికి పోతుంది.

"మన సొమ్ము లేకపోలేదు. జనం దగ్గరుంది. ఏళ్ల తరబడి పేరుకున్న బాకీలు వసూలైతే మూడో వంతులో చాలాభాగం తీరిపోతుంది" అంది మేడం.

గదిలో అందరి తలలూ తలుపు వైపు తిరిగాయి. బాబాయి స్టూలు మీద సర్దుకు కూర్చున్నాడు. అందరూ ఊరుకునేసరికి ఆ నిశ్శబ్దం తట్టుకోలేక, "నేను తెస్తాను మేడం" అనేశాడు.

మర్నాడు సైకిలెక్కాడు. గొళ్లేలు పడ్డాయి. మధ్యాహ్నానికి ఒక్క బిల్లూ తెగలేదు, కాళ్లు పీకుతున్నాయి. చివరికి బేకరీ వెనక ఉన్న ఇంటికి వెళ్లి తలుపు కొట్టాడు.

"ఇంట్లో ఎవరూ లేరు!" లోపల్నుంచి బేకరీ ఆయన గొంతే పలికింది.

"అలాగా! అయితే ఎవరూ లేని ఇంటి మెట్టు మీద కాసేపు కూర్చుంటాను."

కాసేపటికి లోపలి మనిషికి ఓపిక నశించింది. "ఎందుకివ్వాలయ్యా నేను? నా డబ్బుతో కాలువ తవ్వుతారు, రాయి పాతి ఛైర్మన్ పేరు చెక్కుకుంటారు. అందులో నేనెక్కడున్నాను? నా పేరు పెట్టమను, ఇప్పటికిప్పుడు పారేస్తాను!"

ఆ మాటన్నాక బేకరీ ఆయన ఊరుకున్నాడు. బాబాయికి నిశ్శబ్దం పడదని చెప్పాను కదా.

"పెడతాం" అనేశాడు.

గొళ్లెం తీసిన చప్పుడైంది. తలుపు సందులోంచి పిండి అంటిన ముక్కు ఒకటి బయటికొచ్చింది. "ఏ కాలువకి?"

"ఏదైనా... పెద్దదానికే అనుకోండి."

"పెద్దకాలువకి నా పేరా?" బేకరీ ఆయన మొహం పొయ్యిలోని రొట్టెలా పొంగింది. లోపలికి పరిగెత్తి బాకీ మొత్తం తెచ్చి చేతిలో పెట్టాడు. పైగా ఒక పొట్లం బిస్కెట్లు. బాబాయికి ఇన్నేళ్ల ఉద్యోగంలో బాకీతోపాటు బిస్కెట్లు ఇచ్చినవాళ్లు లేరు.

అవతలి మేడ మీద బట్టలారేస్తున్న ఆమె ఈ మాటలన్నీ వింది. "మా వీధి తూముకు మా నాన్న పేరు పెడతారా?" అని పైనుంచే అరిచింది. బాబాయి తలెత్తి చూశాడు. నోట్లో బిస్కెట్టు ఉంది. తల ఊపాడు. ఆమె మెట్లు దిగే వేగానికి తాడుమీది దుప్పటి ఆమెతోపాటే వచ్చేసింది. ఇక ఆ వీధి వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. మంగలి సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. పంటి డాక్టరు పట్టకారు చేత్తోనే వచ్చాడు. ఆయన వెనకే నోరు తెరిచిన రోగి కూడా వచ్చాడు, ఏం జరుగుతోందో చూద్దామని. సాయంత్రానికి సంచీ బరువెక్కింది, చేతి మిషన్లో రసీదుల చుట్ట అయిపోయింది, బాబాయి కాళ్లు నేలమీద ఆనడం మానేశాయి.

ఆఫీసు గేటు కనపడేసరికి మళ్లీ నేలమీదికొచ్చాయి. తను ఎవరు, కాలువలకు పేర్లు పెట్టడానికి? ఉద్యోగం ఊడినట్టే అనుకుంటూ నేరుగా మేడం గదికి వెళ్లి, సంచీ బల్లమీద పెట్టి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

మేడం పెన్ను కింద పెట్టింది. "ఎంతమందికి మాటిచ్చారు?"

"దారిలో కనపడినవాళ్లకే మేడం."

"దారిలో ఎంతమంది కనపడ్డారు?"

"ఖర్మకొద్దీ సినిమా వదిలే వేళకి అటు వెళ్లాను మేడం."

ఆమె పెదాలు బిగబట్టింది. లాభం లేకపోయింది. బల్లమీద తల పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. బయట గుమాస్తాలు మేడం ఏడుస్తోందనుకుని కంగారుపడ్డారు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, "బతికున్నవాళ్ల పేర్లు మున్సిపాలిటీ ఆస్తులకు పెట్టకూడదని రూలుంది. పోయినవాళ్ల పేరైతే పైనుంచి అనుమతి రావాలి, అది వచ్చేసరికి మనం కూడా పోతాం" అంది.

"అయితే తిరిగిచ్చేయాలా మేడం?" బాబాయి చెయ్యి సంచీ మీదికి వెళ్లింది.

ఆమె కిటికీ బయటికి చూసి వెనక్కి తిరిగింది. "రూలు మనిషి పేరు గురించి. చుట్టరికం గురించి లేదు. పిన్ని అని పెడితే ఏ పిన్నో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది? ముద్దుపేర్లు, వరసలు... అవి పెట్టుకోమందాం. ఊరికే కాదు, వేలం వేద్దాం. ఒక్కో పేరు ఐదేళ్లుంటుంది, తర్వాత మళ్లీ పాట. వచ్చినదాంట్లో కొంత పూడిక తీతకు విడిగా దాచాలి. కాలువ తవ్వడం ఒకసారే, పూడిక ఏటేటా తీయాలి కదా." అంతలో ఆమె మొహంలో ఏదో మెరిసింది. "ఇంకొక్క షరతు. మున్సిపాలిటీకి బాకీ ఉన్నవాళ్లు వేలంలో పాట పాడటానికి వీల్లేదు."

కౌన్సిల్లో తీర్మానం మారుమాట లేకుండా గడిచింది. సగం మంది కౌన్సిలర్లు అప్పటికే తమకు ఏ తూము కావాలో చూసుకుని ఉన్నారు.

ఆ షరతు సంగతి ఊళ్లో పొక్కిన రోజు నుంచి బాబాయి బతుకు తలకిందులైంది. ఇన్నాళ్లూ ఆయన్ని చూసి జనం పారిపోయేవాళ్లు, ఇప్పుడు జనాన్ని చూసి ఆయన పారిపోవాల్సి వచ్చింది. పళ్లు తోముకుంటుంటే గోడమీంచి నోట్లు. సైకిలు మీద వెళ్తుంటే వెనక నుంచి "బాబాయ్, నా బాకీ! బాబాయ్, ఆగండి, మా తాతగారి నాటి బాకీ కూడా ఉంది!" అని కేకలు. ఆయన ఎంత జోరుగా తొక్కితే వాళ్లు అంత జోరుగా పరిగెత్తేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఇంట్లోకి దూరి గొళ్లెం పెట్టుకున్నాడు.

"చూశావుటే," అంది అత్తగారు కూతురితో, "పన్ను కడతామని జనం తలుపు కొడుతుంటే మీ ఆయన మంచం కింద దాక్కున్నాడు. ఇది చూడ్డానికే నేనిన్నాళ్లు బతికానేమో."

"అత్తయ్యా, ఇంట్లో ఎవరూ లేరని చెప్పండి" అన్నాడు బాబాయి మంచం కింద నుంచి.

ఇంతటి సంబరంలో ఒక్క మనిషి నవ్వలేదు. పల్లపు వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆమె. బాబాయి అటుగా వెళ్తే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "నాకో సంగతి చెప్పన్నయ్యా. పేరు కొనుక్కునే డబ్బు పై వీధులవాళ్లకుంది. నీళ్లొచ్చేది మా ఇళ్లలోకి. పేరు పెట్టుకున్నవాళ్ల గుమ్మం ముందు కాలువ తవ్వి, మాకు ఇంకో మంచం ఎత్తు నీళ్లు పంపిస్తారా?" అని అడిగింది.

ఆమె మళ్లీ ఇస్త్రీలో పడింది. ఇద్దరి మధ్యా నిశ్శబ్దమే. ఈసారి మాత్రం ఆయన నోటికి ఏ మాటా తోసుకురాలేదు. సైకిలెక్కకుండా నడిపించుకుంటూ ఆఫీసుకెళ్లి, ఆ ప్రశ్నను ఆమె అన్నది అన్నట్టుగా మేడం ముందు పెట్టాడు.

మేడం ఇంజినీరును పిలిపించింది. ఆ సాయంత్రమే ఆఫీసు గోడమీద పథకం పటం అంటించారు. అందరికీ కనపడేట్టు కింద పెద్దక్షరాల్లో రాశారు: వచ్చిన డబ్బంతా ఒకే ఖాతాలో పడుతుంది, తవ్వకం నీళ్లు ఎక్కువగా నిలిచేచోట మొదలవుతుంది, పేరు ఎవరిదైనా సరే. పటంలో మొదటి గీత పల్లపు వీధిదే. బాబాయి ఆ సంగతి చెప్పడానికి వెళ్తే ఇస్త్రీ ఆమె చదివిస్తేగాని నమ్మనంది. వచ్చి, చూసి, పటం మీద తన వీధిని వేలితో తడిమి, "సరే, వేలానికి మేమూ వస్తాం" అంది.

వేలం మీటింగు హాల్లో పెడదామనుకున్నారు. జనం పట్టలేదు. లారీలు నిలిపే షెడ్డులోకి మార్చారు, అక్కడా పట్టలేదు. కొందరు లారీల మీదెక్కి కూర్చున్నారు. మంగలి ముందు వరసలో చోటు సంపాదించి గొంతు సవరించుకుంటున్నాడు. "పాట అంటే నిజంగా పాడాలేమోనని రెండు రోజులుగా సాధన చేస్తున్నాను బాబాయ్" అన్నాడు. గొంతు విన్నాక, అవసరం లేదని బాబాయి గట్టిగా చెప్పాడు.

సుత్తి లేకపోతే బాబాయే ఒక పైపు ముక్క తెచ్చి రేకుల డబ్బామీద కొట్టాడు. ముందు చిన్నవి. బస్టాండు తూము "కోపం తాతయ్య" అయింది. మార్కెట్టు మూలన కాలువ మీది జాలీ మూత "బొద్దు పిన్ని" అయింది. ఆ పిన్ని అక్కడే ఉంది, పాట పాడిన అల్లరి మేనల్లుణ్ణి గొడుగుతో షెడ్డు చుట్టూ తరిమింది. అతను పరిగెడుతూనే పాట పెంచాడు. పంటి డాక్టరు ఒక మూత కొని "జ్ఞానదంతం" అని పెట్టాడు. అది ముద్దుపేరా వరసా అని కౌన్సిలరొకాయన అభ్యంతరం చెబితే, "మా ఆవిడ నన్ను ముద్దుగా అలాగే పిలుస్తుందండీ" అన్నాడు. షెడ్డు రేకులు అదిరేలా నవ్వులు.

పెద్దకాలువ వంతు వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. ఒక పక్క బేకరీ ఆయన, ఇంకో పక్క డిపో ఆయన. పాట మొదలవగానే ఇద్దరూ ఒంటికాలి మీద లేచారు. ఒకాయన ఒకటంటే ఇంకో ఆయన దానిమీద ఒకటి. ఒకరి మొహం ఒకరు చూడకుండా, పైకప్పుకు చెబుతున్నట్టు అరుస్తున్నారు. బాబాయి తల అటూ ఇటూ తిప్పి తిప్పి మెడ పట్టేసింది. పాట ఎంతదాకా పోయిందంటే, వింటున్నవాళ్లు ఊపిరి తీసుకోవడం మరిచిపోయారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ఆడగొంతు, అంతకంటే పెద్ద మొత్తం పాడింది. వెంటనే ఇంకో ఆడగొంతు, "మా ఇద్దరిదీ కలిపి" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. అక్కాచెల్లెళ్లిద్దరూ చేయీ చేయీ పట్టుకుని నిలబడి ఉన్నారు. డిపో ఆయన "ఇదేంటే, నీకు అంత డబ్బెక్కడిది?" అన్నాడు భార్యతో.

"పలకల గొడవ మొదలైనప్పటి నుంచి మీరు బేకరీ వంక చూడ్డం మానేశారు కదా. రవిక కొలతలకని చెప్పి, సాయంత్రాలు మరిదిగారు కొట్లో లేని వేళ వెళ్లి కేకులు చేస్తున్నాను. చెల్లి జీతమిస్తోంది" అందామె తాపీగా.

బేకరీ ఆయన నోరు వెళ్లబెట్టాడు. "మన కొట్లోనా? ఆ గులాబీల కేకు..."

"మీరు రోజూ మెచ్చుకుని రెండు ముక్కలు తినేది అక్క చేసిందేనండీ" అంది ఆయన భార్య.

తోడల్లుళ్లిద్దరూ ఏడాది తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బేకరీ ఆయనే గొణిగాడు: "నీ పలకలు... అరలుగా బాగానే ఉన్నాయి అన్నయ్యా."

"టేకు కదా మరి, బాగుండక ఏం చేస్తాయి?" అన్నాడు డిపో ఆయన. గొంతులో కోపం తెచ్చుకోబోయాడు, కుదరలేదు.

బాబాయి పైపు ముక్కతో డబ్బా బద్దలయ్యేలా కొట్టాడు. పెద్దకాలువ పేరు "అక్కాచెల్లెళ్లు".

చివర్లో ఇస్త్రీ ఆమె లేచింది. వెనక పల్లపు వీధి మొత్తం ఉంది. మిగిలిన ఒక జాలీ మూతకు తలా కొంత వేసుకుని పాడారు. ఎవరూ పోటీ రాలేదు. పేరేమిటని అడిగితే వాళ్లలో వాళ్లు చెవులు కొరుక్కుని, "మేమే అని రాయండి" అన్నారు.

ఇక అయిపోయిందనుకుని బాబాయి పైపు ముక్క కింద పెడుతుంటే, "పంపులు పాడలేదేం?" అని ఒక గొంతు ఖంగుమంది. అత్తగారు! ఎప్పుడొచ్చిందో, లారీ ముందు సీట్లో డ్రైవరు పక్కన దర్జాగా కూర్చుని ఉంది. హుక్కులు వేసి కూడబెట్టిన డబ్బు రుమాలులో మూటగట్టి తెచ్చుకుంది. పల్లపు వీధి పెద్ద పంపుకు పాట పాడింది. ఒకరిద్దరు పోటీకి వస్తే ఆవిడ ఒక్క చూపు చూసింది. వాళ్లు కూర్చున్నారు.

"ఏం పేరు పెట్టమంటారు అత్తయ్యా?" బాబాయి పైపు ముక్క మళ్లీ అందుకుంటూ అడిగాడు.

"అల్లుడుగారు."

షెడ్డంతా గొల్లుమంది. "ఎందుకో అడగరేం?" అంది ఆవిడ నవ్వులను మించి గొంతు పెంచి. "పొద్దస్తమానం చప్పుడు చేస్తూనే ఉంటుంది, ఎంత పోసినా గటగటా తాగేస్తుంది, పని మాత్రం చేస్తుంది. ఇంకేం పేరు పెడతారు దానికి?"

బాబాయి భార్య నవ్వి నవ్వి నేలమీద కూర్చుండిపోయింది. బాబాయి మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాడు. పని మాత్రం చేస్తుంది. పెళ్లైన ఇన్నేళ్లలో అత్తగారి నోట ఆయన విన్న మొదటి మెప్పు అది. పైపు ముక్క మూడుసార్లు కొట్టాల్సింది, ఎన్నిసార్లు కొట్టాడో ఆయనకే తెలియదు.

లెక్క చూస్తే పేర్లమీద వచ్చింది ఊహించినంత పెద్ద మొత్తమేమీ కాదు. అసలు సొమ్మంతా బాకీల్లో వచ్చింది. పాట పాడటానికి అర్హత కోసం ఊరు ఊరంతా ఏళ్లనాటి బకాయిలు తీర్చేసుకుంది. రెండూ కలిపితే మూడో వంతు దాటింది. మేడం ఆ మొత్తం చూపించింది. పై అధికారులు రెండుసార్లు వచ్చి తనిఖీ చేశారు. రెండోసారి వచ్చినాయన "జ్ఞానదంతం అంటే ఏ రకం నిర్మాణం?" అని అడిగాడట. నిధి మంజూరైంది. తవ్వకం పల్లపు వీధిలో మొదలైంది. అక్కాచెల్లెళ్ల కాలువ తమ గడపల ముందు కాక పల్లంలో మొదలవుతోందని తోడల్లుళ్లిద్దరూ కలిసి ఫిర్యాదు చేయబోయారు. కలిసి వెళ్లడం చూసి వాళ్ల భార్యలు ఎంత సంతోషించారంటే, ఫిర్యాదు చేయనివ్వకుండానే ఇంటికి తీసుకుపోయి కేకు పెట్టారు.

ఇంకో చిత్రం, ఎవరూ అనుకోనిది. కాలువలో చెత్త వేయడం తగ్గిపోయింది. ఎవరైనా సంచీ విసరబోతే, "ఏమయ్యోయ్, అది మా పిన్ని!" అని ఎవరో ఒకరు కేక పెట్టేవాళ్లు. బొద్దు పిన్ని అయితే స్వయంగా కుర్చీ వేసుకుని తన మూత దగ్గర కూర్చునేది.

పనులు చాలావరకు పూర్తయ్యాక వాన వచ్చింది. నెలంతా ఊరించి, ఒక మధ్యాహ్నం ఒక్కసారిగా విరుచుకుపడింది. ఇదివరకైతే జనం తలుపులు వేసుకుని సామాన్లు మంచాలమీదికి ఎత్తుకునేవాళ్లు. ఆ రోజు ఊరు ఊరంతా గొడుగులేసుకుని రోడ్డెక్కింది, తమ తమ తూములు ఎలా చేస్తున్నాయో చూసుకోవడానికి. "కోపం తాతయ్య బాగా మింగుతున్నాడు!" "జ్ఞానదంతం దగ్గర ఆకులు అడ్డం పడ్డాయి, పట్టకారు తెండి!" అక్కాచెల్లెళ్లు నిండుగా పొంగి, ఒడ్డు దాటకుండా, ఊరి చివరి గుంటవైపు ఉరకలేస్తూ పోయింది. డిపో ఆయన, బేకరీ ఆయన ఒకే గొడుగు కింద దాని వెంట పరిగెత్తారు.

పల్లపు వీధిలో మాత్రం నీళ్లు లేవడం మొదలైంది. "అల్లుడుగారు కదలనంటున్నాడు!" అని కేక వినపడింది. బాబాయి సైకిలు పారేసి పరిగెత్తాడు. ఇంజినీరు మీటలు నొక్కుతున్నాడు, మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు. నీళ్లు చీలమండ దాటాయి. ఇస్త్రీ ఆమె పైపు మూతి దగ్గర మోచేతిదాకా చెయ్యి పెట్టి, లోపల ఇరుక్కున్న ఎవరిదో పాత చొక్కా ఒకటి లాగి పారేసింది. "ఇప్పుడు నొక్కండి!" అంది. మోటారు దగ్గింది, గురకపెట్టింది, ఒక్కసారి ఒళ్లు విరుచుకుని ఘుర్రుమంది. నీళ్లు కిందికి దిగుతుంటే పల్లపు వీధి పెట్టిన కేకలకు ఉరుము కూడా వినపడలేదు. బాబాయి ఇంజినీరును ఎత్తి గిరగిరా తిప్పాడు. ఇంజినీరు బరువైన మనిషి. ఇద్దరూ నీళ్లలో పడ్డారు. పడి కూడా నవ్వుతూనే ఉన్నారు.

అన్నీ సజావుగా జరిగాయని కాదు. బస్టాండు వెనక సందులో వాలు లెక్క తప్పి మోకాలిలోతు నీళ్లు నిలిచాయి. నిధిలో చివరి విడత ఇంకా రాలేదు. బూట్లనిండా నీళ్లతో వచ్చిన మేడం ఆ సందు చూసి, "దీనికి మళ్లీ డబ్బు వెతకాలి బాబాయ్" అంది.

"నేను తెస్తాను మేడం" అన్నాడు బాబాయి. అన్నాక నాలిక కరుచుకోలేదు.

వాన తెరిపి ఇచ్చాక అత్తగారు పంపును చూస్తానని పట్టుబట్టింది. ఆవిడ అంతదూరం నడవలేదు కాబట్టి మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరు ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఆవిడ దిగి, కూతురి భుజం పట్టుకుని పంపు షెడ్డులోకి వచ్చి, ఇంకా ఘుర్రుమంటున్న పంపును ఎగాదిగా చూసింది. అరచెయ్యి దానిమీద పెట్టింది.

"ఒళ్లు కాలిపోతోందే పాపం" అంది.

పైన రేకు సందులోంచి చుక్కలు పడుతున్నాయి. బాబాయి నిలువునా తడిసి ఉన్నాడు. భార్య చేతిలోని గొడుగు తీసుకుని, విప్పి, తన నెత్తిన కాకుండా పంపు మీద పట్టుకున్నాడు. అత్తగారు ఆయన వంకా, పంపు వంకా చూసి, ఎవరికి చెప్పిందో తెలియకుండా, "కాస్త విశ్రాంతి తీసుకో బాబూ" అంది.